ఇస్త్రీ బావ అరచెయ్యి

మగవాళ్ళు చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటారు, కళ్ళజోడు పెట్టుకుంటారు. ఇస్త్రీ బావ మాత్రం థర్మామీటరు పెట్టుకుంటాడు. లాండ్రీలో ఎవరైనా పొరపాటున "తలనొప్పిగా ఉంది బావా" అన్నారో, అయిపోయినట్టే. స్టూలు మీద కూలేసి, స్పిరిట్ దూదితో థర్మామీటరు తుడిచి చంకలో దోపేస్తాడు. డెలివరీ వ్యాను నడిపే అతను "జ్వరం కాదు బావా, ఇంట్లో పెళ్ళాంతో గొడవ" అని మొత్తుకున్నా వినలేదు. అది కీచుమనేదాకా వదల్లేదు. అందరూ నవ్వుకుంటారు గానీ ఆయన ఎదుట నవ్వరు. ఎందుకో వాళ్ళకి తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను.

ఆ దుకాణంలో లాండ్రీ, టైలరింగు రెండూ ఒకే కప్పు కింద ఉంటాయి. ముందు హాల్లో కుట్టుమిషన్లు, కటింగ్ బల్ల. వెనక గదిలో ఆవిరి, ఇస్త్రీ బల్లలు. ముందు హాల్లో కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని చేత్తో కాజాలు కుట్టే ఆవిడని అందరూ "కాజాలక్క" అనేవారు. ఆవిడ అందరికీ అక్క కాబట్టి, ఆవిడ మొగుడు, వెనక గదిలో ఇస్త్రీ చేసే మనిషి, అందరికీ బావ అయిపోయాడు. ఆయనకంటే పదేళ్ళు పెద్దయిన యజమాని కూడా "బావా" అనే పిలుస్తాడు. వరస కలిపేది వయసు కాదు, అలవాటు.

బావ పద్నాలుగో ఏట ఇస్త్రీపెట్టె పట్టాడు. మొదట బొగ్గులపెట్టె, తర్వాత కరెంటుది, ఆ తర్వాత ఆవిరిది. పెట్టెలు మారాయి, చెయ్యి అదే. పెట్టె అలా వెళ్ళగానే వెనకాలే అరచెయ్యి వేసి కాలరు లాగి పట్టుకోవాలి, లేకపోతే ముడత చల్లారి మొండికేస్తుంది. అలా పట్టీ పట్టీ ఆ అరచేతులు మొదట బొబ్బలెక్కాయి, తర్వాత కాయలు కాశాయి, ముప్పై దాటేసరికి చెప్పు తోలులా అయ్యాయి. పొయ్యి మీంచి దిగిన గిన్నెని గుడ్డ లేకుండా తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. "బావ చెయ్యి అగ్నికి అల్లుడు" అని కటింగ్ మాస్టర్ అంటే బావ మీసం సర్దుకునేవాడు. నిజం చెప్పాలంటే ఆ చేతులంటే ఆయనకి గర్వమే. ఉండదా మరి, చెయ్యి తిరిగిన పనివాడు.

ఇస్త్రీపెట్టె ఎంత వేడెక్కిందో మాత్రం ఆయన ఏనాడూ చేత్తో చూడలేదు. నాలుగు నీటిచుక్కలు చిలకరించి ఆ చుయ్యిమనే చప్పుడు వినేవాడు. లేదంటే పెట్టెని చెంప దాకా తెచ్చి చూసేవాడు. చేత్తో ఎందుకు చూడడని ఎవరూ అడగలేదు. ఆయనా తనని తాను ప్రశ్నించుకోలేదు.

కాజాలక్క సంగతి చెప్పాలి. "మిషను కాజా ఆవలించినట్టుంటుంది, అక్క కాజా నవ్వినట్టుంటుంది" అనేవాడు కటింగ్ మాస్టర్. కోటు మీద మొదటి నుంచీ ఎన్ని చేతులు పడినా చివరి కుట్టు ఆవిడది, ఆ తర్వాత వెనక గదికి వెళితే చివరి వేడి ఆయనది. పెళ్ళికి ముందు ఏడాది పాటు ఆ కోట్ల మీదే వాళ్ళ మాటలన్నీ నడిచాయి. కాజా అణగకుండా, దాని చుట్టూ పెట్టె ముక్కుతో ఒడుపుగా తిప్పేవాడాయన. ఆవిడకి అది అర్థమైంది. ముప్పై ఆరేళ్ళ కాపురం.

ఒక ఏడాది, పొద్దున లేవగానే ఆవిడ వేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. ఎండెక్కితే గానీ పిడికిలి విడేది కాదు. తర్వాత కణుపులు వాచాయి. తర్వాత మణికట్లు, మోకాళ్ళు. సూది జారిపోవడం మొదలైంది. కుట్టేవాళ్ళకి కీళ్ళవాతం అంటే గోరుచుట్టు మీద రోకటిపోటు. నాలుగేళ్ళు మాత్రలు మింగింది. కడుపు మండింది గానీ వేళ్ళు తెరుచుకోలేదు.

ఆ నాలుగేళ్ళూ బావే ఆవిడకి చేతులు. జాకెట్టు హుక్కులు పెట్టేవాడు. ముద్ద కలిపి నోట్లో పెట్టేవాడు. జడ వేసేవాడు, అదీ చొక్కా మడత పెట్టినట్టు నలుచదరంగా వచ్చేది. "ఇది జడా, పార్సిలా?" అని ఆవిడ నవ్వేది. హుక్కులు పెడుతున్నప్పుడు మాత్రం నవ్వేది కాదు. గోడవైపు చూస్తూ నిలబడేది. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ బొత్తాలకి దారి చేసిన మనిషికి తన హుక్కు తనకి అందకపోవడం ఎంత చిన్నతనమో బావకి తెలుస్తూనే ఉండేది. తెలిసీ ఏం చేస్తాడు, త్వరగా పెట్టేసి అటు తిరిగేవాడు.

చివరికి ఆసుపత్రిలో కీళ్ళ విభాగం డాక్టరు ఇంజెక్షను రాశాడు. రెండు వారాలకోసారి, చర్మం కింద, ఇంట్లోనే వేసుకునేది. ముందు ఛాతీ ఎక్స్‌రే తీశారు, క్షయ లేదని రక్తం పరీక్ష చేశారు, అన్నీ బాగున్నాయన్నారు. వేసే పద్ధతి నేర్పింది అక్కడి నర్సమ్మ. వాళ్ళ కూతురి ఈడుది, గలగలా మాట్లాడుతుంది.

"బాబాయ్, ఫ్రిజ్‌లో పెట్టాలి. గడ్డకట్టే అరలో కాదు. వేసే ముందు అరగంట బయట పెడితే చాలు. తొందరగా వేడెక్కాలని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టావో, ఊరుకోను!"

బావ నాలిక కరుచుకున్నాడు. సరిగ్గా అదే అనుకుంటున్నాడు మరి.

"చేతులు సబ్బుతో కడుక్కో. మందు తేటగా ఉందో లేదో చూడు. పోయినసారి వేసిన చోట వెయ్యకు, బొడ్డుకి రెండంగుళాలు ఎడంగా వెయ్యి. వాడిన సూది మందపాటి డబ్బాలో వెయ్యి. ఇవన్నీ ఒక ఎత్తు బాబాయ్, ఇప్పుడు చెప్పేది ఒక ఎత్తు. పిన్ని ఒంట్లో కాపలావాళ్ళు మతిపోయి సొంతిల్లే బాదుతున్నారు, అందుకే ఈ వాపులు. ఈ మందు వాళ్ళని జోకొడుతుంది. కాపలావాళ్ళు కునుకు తీస్తున్నప్పుడు దొంగ పడితే? అందుకని జ్వరం ఉన్నా, దగ్గు పట్టుకున్నా, పుండు పడినా సూది వెయ్యొద్దు. ముందు నాకు ఫోన్ చెయ్యి. ఒక వారం ఆలస్యమైతే కొంపలేం మునగవు. ఇంట్లో థర్మామీటరు ఉందా?"

"నా చెయ్యి ఉందిగా అమ్మా."

"చెయ్యి కాదు బాబాయ్, థర్మామీటరు. ఇవాళే కొనుక్కెళ్ళు."

"సరేనమ్మా" అన్నాడు బావ. సరేలు చాలా రకాలు. ఇది మాట ముగించే సరే. వాళ్ళమ్మ చేత్తోనే చూసింది, వాళ్ళ నాయనమ్మా చేత్తోనే చూసింది. నుదుటి మీద చెయ్యి వేసి చెప్పలేకపోతే ఇక మొగుడెందుకు అనుకున్నాడు. దారిలో మందుల దుకాణం దాటుకుంటూనే ఇంటికి వచ్చారు.

మిగతా విషయాల్లో మాత్రం ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు. చొక్కాకి ఒక వరస ఉంటుంది, ముందు కాలరు, తర్వాత భుజం, తర్వాత కఫ్, చెయ్యి, చివర్న ఒళ్ళు. వరస తప్పితే చేసిన చోటే మళ్ళీ నలుగుతుంది. ఇంజెక్షనుకీ ఆయన అలాగే వరస కట్టుకున్నాడు. కటింగ్ మాస్టర్ని అడిగి ఒక అట్టముక్క తెచ్చి, దాని మీద పొట్ట బొమ్మా తొడల బొమ్మా గీసి, ఏ తేదీన ఎక్కడ వేశాడో గుర్తు పెట్టేవాడు. అది ఫ్రిజ్ తలుపుకి వేలాడేది. అన్నిటికంటే ముందు, చొక్కా మీద నీళ్ళు చిలకరించినట్టు, ఆవిడ నుదుటి మీద అరచెయ్యి వేసేవాడు. "చల్లగా ఉంది" అని పైకి అనేవాడు. ఆ తర్వాతే చేతులు కడుక్కునేవాడు. ఒక్క మెట్టు కూడా ఏనాడూ దాటవెయ్యలేదు.

మూడో నెలకి వేళ్ళు తెరుచుకున్నాయి. ఒకరోజు పొద్దున ఆయన హుక్కులు పెట్టడానికి వెళితే ఆవిడ అప్పటికే జాకెట్టు తొడుక్కుని, జడ వేసుకుని, తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఇవాళ్టి నుంచి నీ పార్సిలు సర్వీసు బందయ్యా" అంది. బావ అలాగే మంచం మీద కూర్చుని ఏడ్చాడు. ఆనందానికి ఏడవడం ఆయనకి అదే మొదలు. నెల తిరిగేలోపు ఆవిడ మళ్ళీ కిటికీ పక్కకి వచ్చింది. మొదటి కాజా చూసి కటింగ్ మాస్టర్ కోటు తీసుకుని తానే స్వయంగా వెనక గదికి తీసుకెళ్ళి బావ చేతిలో పెట్టాడు.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. వాళ్ళ జీవితంలో అంత మంచి నెలలు పెళ్ళయిన కొత్తలో కూడా లేవని బావ తర్వాత అన్నాడు.

ఆ తర్వాత చిన్న దగ్గు. కిటికీ పక్కన నూలు దుమ్ము కదా, అక్కడ ఎవరు దగ్గరు? సాయంత్రమయ్యేసరికి నీరసం. రోజంతా కుట్టిన మనిషి నీరసపడదా? ఒక ఆదివారం ఆవిడ జాకెట్లన్నీ ముందేసుకుని పక్క కుట్లు విప్పి లోపలికి కుడుతోంది. బావ ఎదురుగా కూర్చుని చూశాడు. ఆయన చూసింది వదులైన జాకెట్లని కాదు, చకచకా కదులుతున్న వేళ్ళని. "ఎంత బాగా ఆడుతున్నాయే వేళ్ళు!" అన్నాడు. ఆవిడ తలెత్తలేదు. ఊఁ అంది.

ఇంజెక్షను రోజున ఆవిడ ముందుగా వెళ్ళి చన్నీళ్ళతో మొహం కడుక్కుని వచ్చేది. శుభ్రం కోసం కాబోలనుకున్నాడు. నుదురు ముందుకి వంచేది. ఆయన అరచెయ్యి వేసేవాడు.

"చల్లగా ఉంది."

"అయితే సరే, వెయ్యి" అనేది.

అలా మూడు వేశాడు.

కూతురు పక్క ఊళ్ళో బడి ఆఫీసులో గుమాస్తా. రెండు నెలలుగా పరీక్షల హడావుడిలో రాలేదు. వచ్చిన రోజున చెప్పులు విప్పుతూనే తల్లిని వాటేసుకుని ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

"అమ్మా! కాలిపోతున్నావేంటే!"

"ఎక్కడే?" అన్నాడు బావ కుర్చీలోంచి లేస్తూ. "పొద్దున్నే చూశాను, చల్లగా ఉంటేనూ." వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టాడు. "ఇదిగో, ఇప్పుడూ చల్లగానే ఉంది."

కూతురు తండ్రి వంక చూసింది, తల్లి వంక చూసింది. మళ్ళీ చెప్పులేసుకుని వీధి చివర మందుల దుకాణానికి వెళ్ళింది. పోయి రావడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. ఏడాదిగా బావ రోజూ దాటుకుంటూ పోయే దుకాణమే అది. తెచ్చిన థర్మామీటరు తల్లి చంకలో పెట్టి తీసింది. నూట మూడు.

బావ ఆ అంకె చూశాడు. మళ్ళీ చెయ్యి పెట్టాడు. చల్లగానే ఉంది. అప్పుడు ఏదో స్ఫురించినవాడిలా వంగి, ఇస్త్రీపెట్టెని చూసినట్టు, చెంప తెచ్చి ఆవిడ నుదుటికి ఆనించాడు. చెంప చురుక్కుమంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఆ చేతులు కాలడం ఎప్పుడో మానేశాయి, అదే కొంప ముంచింది.

ఆసుపత్రిలో క్షయ అన్నారు. ముందు పరీక్షలో దొరకనంతగా ఎక్కడో నక్కి ఉందో, తర్వాత ఎవరి దగ్గర్నుంచి సోకిందో చెప్పలేమన్నారు. ఊపిరితిత్తుల్లో మొదలై ఒళ్ళంతా పాకింది. కీళ్ళ ఇంజెక్షను వెంటనే ఆపేసి వేరే మందులు మొదలుపెట్టారు. డాక్టరు కసరలేదు. "మందు మంచిదే. మీరు వెయ్యడమూ బాగానే వేశారు. జ్వరం మొదలైనప్పుడే ఆపి వచ్చుంటే ఇంత దూరం వచ్చేది కాదు" అన్నాడు. కసిరినా బాగుండేదనిపించింది బావకి. నర్సమ్మ వరండాలో ఆయన చెయ్యి పట్టుకుని, "ఒక్క ఫోన్ బాబాయ్, ఒక్క ఫోన్" అంటూ ఏడ్చింది. ఆ అరచేతిని తిప్పి చూసింది. ఇస్త్రీపెట్టె సంగతి ఆమెకి ముందు నుంచీ తెలుసు. ఆ చెయ్యి ఇంతగా మొద్దుబారి ఉంటుందని మాత్రం తోచలేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం. కూతురు మందుల కోసం కిందికి వెళ్ళింది. బావ మంచం పక్కన కూర్చుని తన అరచేతుల్ని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"వాటినెందుకలా చూస్తావు? వాటి తప్పేం లేదు" అంది ఆవిడ.

"ఎవరిదే మరి తప్పు?"

"నీ చేతికి వేడి తెలీదని నాకెప్పుడో తెలుసు."

బావ తలెత్తాడు.

"అమ్మాయికి మూడేళ్ళప్పుడు ఒళ్ళు పేలిపోతోంది. నువ్వు చెయ్యేసి చూసి, ఏం లేదు పడుకోబెట్టు అన్నావు. అప్పుడే తెలిసింది. అప్పట్నుంచి దాని జ్వరం నేనే చూసుకునేదాన్ని. నీకు చెబితే చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు."

"అంటే..." బావ మంచం మీదికి వంగాడు. "తెలిసే నుదురు నా చేతికిచ్చావా? మూడుసార్లూ?"

"ఇచ్చాను."

"మొహం కడుక్కుని మరీ?"

"ఎందుకైనా మంచిదని."

బావకి కోపం వచ్చింది. ముప్పై ఆరేళ్ళలో ఆవిడ మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. "నా చేత్తోనే చేయించావు కదే!" అన్నాడు. పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు. "ఒక వారం ఆపితే ఏమయ్యేది? కొంపలేం మునగవని ఆ నర్సు పిల్ల చెప్పలేదా?"

"ఒక వారం ఆపితే ఫర్వాలేదు. దగ్గు, జ్వరం అని చెబితే పూర్తిగా ఆపేస్తారేమోనని భయమేసింది. మళ్ళీ వేళ్ళు ముడుచుకుపోతాయి. మళ్ళీ నువ్వు హుక్కులు పెట్టాలి. నాలుగేళ్ళు పెట్టించుకున్నానయ్యా. ఇంకొక్కరోజు పెట్టించుకోలేననిపించింది." ఊపిరి కూడదీసుకుంది. "ఇంత అవుతుందనుకోలేదు. మామూలు జలుబు జ్వరమే, తగ్గిపోతుందిలే అనుకున్నాను. చావాలని కాదు. నీ తోడు."

కోపం ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా పోయింది. పోతూ పోతూ లోపల ఏమీ మిగల్చలేదు. ఆయన హుక్కులు పెట్టి అటు తిరిగిన పొద్దులన్నీ గుర్తొచ్చాయి. అటు తిరగకుండా ఒక్కసారి ఆ మొహంలోకి చూసి "ఇందులో సిగ్గేముందే" అని ఉంటే ఈ మంచం ఉండేది కాదేమోననిపించింది. కూతురు తిరిగి వచ్చేసరికి ఇద్దరూ ఏమీ జరగనట్టు నీళ్ళ సీసా గురించి మాట్లాడుకుంటున్నారు.

ఆ తర్వాత ఆయన గంటకోసారి చెంపతోనే చూసేవాడు. నర్సులు రాసే అంకెకి ముందే చెప్పేవాడు, ఇప్పుడు నూట ఒకటి, ఇప్పుడు నూట రెండున్నర. ఒక్కటీ తప్పు పోయేది కాదు. చెంపకి అంత పనితనం ఉందని అరవై ఏళ్ళ తర్వాత తెలిసింది. పన్నెండోరోజుకి ఆవిడ వేళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి, ఇంజెక్షను ఆగింది కదా. ఆసుపత్రి గౌనుకి వెనక కట్టే నాడాలు ఆయనే ముడివేశాడు. ఈసారి అటు తిరగలేదు. ఆవిడా గోడవైపు చూడలేదు. "ముడి బాగా వేశావు, కాజా కుట్టడం కూడా నేర్పాల్సింది నీకు" అంది.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నానికీ జ్వరం దిగలేదు. మందులు ఇక పట్టడం లేదని డాక్టరు కూతురితో వరండాలో చెప్పాడు, ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. కిటికీలోంచి ఎండ దుప్పటి మీద పడుతోంది. ఆవిడ కళ్ళు తెరిచింది. బావ అలవాటుగా చెంప ఆనించడానికి వంగాడు.

"చెంప వద్దయ్యా" అంది. "చెయ్యి పెట్టు."

బావ ఆగాడు. అరచెయ్యి చొక్కాకి తుడుచుకుని, ఆవిడ నుదుటి మీద పెట్టాడు.

"ఎలా ఉంది?"

గుమ్మంలో కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ చెయ్యి తియ్యలేదు.

"చల్లగా ఉంది" అన్నాడు.

"అయితే సరే" అంది ఆవిడ, కళ్ళు మూసుకుంటూ.